ఏడో నంబరు మోకాలు

...ఐదంటే మరీ బేరమాడినట్టుంటుంది, ఏడంటే ఇంకో ఎమ్మారై తీస్తారు, కాబట్టి ఆరే మంచిది. ఆరులో ఒక గౌరవం ఉంది. పదికి ఆరు నొప్పి ఉన్న మనిషి ఏడవడు, మూలగడు. అలాగని వాణ్ని పట్టించుకోకుండా వదిలేయడానికీ వీల్లేదు. పదిహేను రోజులకోసారి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, "ఎట్లుంది?" అని అడగాలి. అడిగే మనిషి స్ఫూర్తి అయితే ఆరు అనేది అంకె కాదు, వీసా.

సుహాస్ తన కుడి మోకాలి వైపు చూసుకున్నాడు. అది ఏమీ ఎరగనట్టు ప్యాంటు లోపల ముడుచుకుని ఉంది. దానికి నొప్పి లేదు. రెండు నెలలుగా లేదు. నిజం చెప్పాల్సి వస్తే సున్నా. కానీ సున్నా చెప్పిన రోగికి ఈ క్లినిక్‌లో చేతికి ఒక గులాబీ ఇచ్చి, ఫోటో తీసి, పంపించేస్తారు. గులాబీ తీసుకున్నవాళ్లెవరూ మళ్లీ ఆ గదిలోకి వెళ్లడం అతను చూడలేదు.

ఉద్యోగరీత్యా అతను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, ఒక్కో తప్పు ఎంత తీవ్రమైనదో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయడం పని. నాలుగేళ్లలో ఒక్క అంకె కూడా అబద్ధం వేయలేదు. "మూడుని రెండు చెయ్యి బాబూ, రేపు రిలీజ్" అని మేనేజరు బతిమాలినా చెయ్యలేదు. అలాంటివాడు సొంత మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఇలా అయ్యాడు.

అయితే మనసు అన్నిటికన్నా ముందు తన మీద తనకున్న మంచి అభిప్రాయాన్ని కాపాడుకుంటుంది. సుహాస్ మనసు అందుకో ఏర్పాటు చేసింది. క్లినిక్ గేటు దాటగానే కాలు బరువెక్కేది. వరండాలో చిన్నగా కుంటు వచ్చేది. స్ఫూర్తి గది తలుపు తెరిచేసరికి మోకాలి లోపల ఎక్కడో, నిజంగానే, ఆరంత నొప్పి. అప్పుడది అబద్ధం ఎలా అవుతుంది? గేటు బయటికి వెళ్లాక ఆ నొప్పి ఎక్కడికి పోతుందన్నది అతను ఆలోచించదలుచుకోలేదు.

మొదట్లో మాత్రం నొప్పి అసలుదే. కిందటేడాది ఒక హీరో పాట మధ్యలో గాల్లోకి ఎగిరి, రెండు మోకాళ్ల మీద దిగి, అలాగే పదడుగులు జారేవాడు. సినిమా హిట్టయిన నెలకి ఐటీ కంపెనీల వార్షికోత్సవాలు వచ్చాయి. హీరో దిగింది పరుపు మీద. పరుపు కెమెరాకి కనబడదు. వార్షికోత్సవంలో అదే స్టెప్పు వేసిన సుహాస్ దిగింది గ్రానైట్ మీద. ఒక్క మాదాపూర్ నుంచే ఆ నెలలో పధ్నాలుగు మంది మోకాలి గుజ్జు చితికి జూబ్లీహిల్స్ డాక్టర్ల దగ్గరికి వచ్చారు. ఆ క్యూ చూశాకే నిర్మాత త్రినాథరావుకి వైద్యరంగం మీద ఆసక్తి పుట్టింది. ఆ సినిమా తీసిందీ ఆయనే.

అలా వెలిసింది 'నవజాను' క్లినిక్. దెబ్బతిన్న గుజ్జుని మూలకణాలతో మళ్లీ మొలిపించడం దాని ధ్యేయం. నిజంగా మొలుస్తుందా లేదా తేల్చడానికి ఇరవై మందితో ఒక పరీక్ష మొదలుపెట్టారు. అందరికీ తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు. పదిమందికి వాళ్ల మజ్జలోంచే పెంచిన కణాలు మోకాలిలోకి ఎక్కించారు. మిగతా పదిమందికి ఎక్కించింది ఉత్త సెలైన్ నీళ్లు. ఎవరికి ఏది అన్నది రోగులకీ తెలియదు, నొప్పి అంకెలు రాసుకునే స్ఫూర్తికీ తెలియదు. ఆ జాబితా సీలు వేసిన కవర్లో, త్రినాథరావు బీరువాలో ఉంది. అదే బీరువాలో ఆయన సినిమా కథలు కూడా ఉంటాయి. వాటికి సీలు లేకపోయినా ఆయన చదవడు కాబట్టి, కవరు భద్రంగా ఉన్నట్టే.

"మీది ఎన్నో నంబరు సారూ?" పక్క కుర్చీలో మనిషి అడిగాడు.

"ఏడు."

"తగ్గిందా మరి?"

ఈ ప్రశ్న వేసిన మనిషి పేరు ఓదెలు. కృష్ణానగర్‌లో ఉంటాడు, సినిమాల్లో గ్రూప్ డాన్సరు. పరీక్షలో లేడు. కానీ పేషెంట్లు వచ్చే ప్రతి రోజూ వచ్చి కూర్చుంటాడు.

"ఇప్పుడే ఎలా చెప్పగలం ఓదెలు గారూ."

"గారేంది సారూ, ఓదెలు అను. ఇరవై ఏండ్లయింది హీరోల ఎనక మోకాళ్ల మీద దిగవట్టి. హీరోకు పరుపేస్తరు. మాకేస్తె ఫ్రేముల కనవడ్తదంట." అతను రెండు మోకాళ్లనీ అరచేతులతో మూశాడు. "గీ సూది ఏపించుకుంటె ఆర్నెల్లు ఎగురొద్దంటున్నరు. ఆర్నెల్లు లైన్లకెళ్లి బయటికొస్తె నా జాగల ఇంకోడు నిలవడ్తడు. మల్ల నాకియ్యరు. అయినా కాలు మంచిగైతదంటె ఏపించుకుంట. గందుకే మీ ఇరవై మంది నడకలు జూస్తున్న."

సుహాస్ తన నడకని గుర్తుచేసుకుని ఇబ్బందిగా కదిలాడు.

"ఏడో నంబర్, రాండ్రి!" లోపలినుంచి పిలుపు.

స్ఫూర్తి బయోటెక్నాలజీ చదివింది. సొంతూరు సిద్దిపేట దగ్గర. ఎదుటి మనిషి చెప్పిన అంకెని బంగారంలా చూసుకుని రిజిస్టర్లో రాస్తుంది. ఆ రాయడం చూస్తూ కూర్చోవడం సుహాస్‌కి ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన పని.

"ఎట్లుంది?"

"ఆరు."

"నేనింకా స్కేల్ చూపియ్యలే."

"అలవాటైపోయిందండీ."

"మెట్లెక్కితే?"

"ఆరు."

"దిగితే?"

"ఆరున్నర."

"అరలు లేవు."

"అయితే ఆరే వేసుకోండి."

"పండుకున్నప్పుడు?"

పడుకున్నప్పుడు మీరు గుర్తొస్తారు అని నాలుక చివరిదాకా వచ్చింది. "నాలుగు."

"మంచిది. నిద్రల జర కన్సెషన్ ఇచ్చిండ్రు." నవ్వింది. తర్వాత పెన్ను కింద పెట్టింది. "ఒక్కటి అడుగుత. నిజం చెప్తరా?"

సుహాస్ మోకాలిని రెండు చేతులా మూసుకున్నాడు.

"ఎక్సర్‌సైజులు ఎగ్గొడుతున్నరు గదా?"

"లేదండీ! రోజూ చేస్తున్నాను. ఒట్టు." ఇది నిజం. ఈ గదిలో అతను చెప్పిన నిజాల్లో ఇదొకటి.

"మరెందుకు తగ్గుతలేదు? మీకు కణాలే ఎక్కించి ఉంటే గా కణాలల్ల ఏం లోపముందో అని నాకు రాత్రి నిద్ర పడ్తలేదు తెలుసా."

సిగ్గుపడాల్సిన చోట మనిషి గర్వపడగలడు. తన వల్ల ఒక అమ్మాయికి నిద్రపట్టడం లేదన్న వార్త సుహాస్‌ని ఇంకో నెలకి సరిపడా పాడుచేసింది.

తలుపు తోసుకుని త్రినాథరావు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. "ఏమ్మా స్ఫూర్తీ, రిజల్టు ఎప్పుడు?"

"ఆరో నెల రీడింగులు అయిపోవాలె సార్. తర్వాత కవర్ తెరుస్తం."

"తెరవండి, తెరవండి. నేను మాత్రం సక్సెస్ మీట్‌కి హాలు బుక్ చేసేశాను. షీల్డులు కూడా ఆర్డరిచ్చాను. బంగారు రంగు మోకాలు, కింద మన పేరు."

"సక్సెస్ అయిందో లేదో ఇంకా తెల్వదు గద సార్!"

"అమ్మా, పాతికేళ్లుగా సినిమాలు తీస్తున్నాను. సక్సెస్ అయ్యాక సక్సెస్ మీట్ పెట్టినవాణ్ని నేను చూడలేదు. మీట్ పెడితే సక్సెస్ వస్తుంది."

"ఫెయిలైతే?"

"ఆ మాట వాడకూడదమ్మా. 'క్లాసుకి బాగా నచ్చింది' అంటాం." ఆయన సుహాస్ భుజం మీద చెయ్యేశాడు. "స్టెమ్ సెల్ అంటే ఏంటనుకున్నావ్ బాబూ? కొత్త నటుడు. ఏ వేషం ఇస్తే ఆ వేషం. గుజ్జు అంటే గుజ్జు, ఎముకంటే ఎముక."

"వేషం ఇచ్చినా కొన్ని చెయ్యవు సార్," అంది స్ఫూర్తి, రిజిస్టరు మూస్తూ.

"మరి కొత్త నటులూ అంతే కదమ్మా. అయినా రిలీజ్ చెయ్యట్లేదూ?"

ఆ మాటకి స్ఫూర్తి సుహాస్ వైపు చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. కలిసి నవ్వు ఆపుకోవడం కలిసి నవ్వడం కన్నా దగ్గరి విషయమని సుహాస్‌కి అప్పుడే తెలిసింది. ఆ ఆరుని ఇక వదులుకోవడం కష్టమనీ తెలిసింది.

*

జూలైలో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. జూబ్లీహిల్స్ ఎత్తు మీంచి నీళ్లు ఫిల్మ్‌నగర్ వైపు పరుగెడుతున్నాయి. క్లినిక్‌కి వస్తున్న సుహాస్‌కి రోడ్డు దిగువన ఆగిపోయిన ఆటో, అందులో ఒళ్లో థర్మోకోల్ పెట్టెతో స్ఫూర్తి కనిపించారు.

"ఆటోల కూసున్నరేంటండీ?" అతను కంగారులో ఆమె యాస అందుకున్నాడు.

"ఇంజన్లకు నీళ్లు వోయినయట. ఇగో, గీ డబ్బాల కణాల తిండి ఉంది. ఎయిర్‌పోర్ట్ నుంచి తెస్తున్న. ఐసు కరిగితే అంతా పాడైతది."

సుహాస్ ఇంకేమీ ఆలోచించలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఎత్తు మీదికి పరుగందుకున్నాడు. వెనక స్ఫూర్తి గొడుగు పట్టుకుని వస్తోంది. రెండో మలుపు దగ్గర గొడుగు వెనక్కి తిరగబడి పువ్వులా విచ్చుకుంది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని, "ఆగుండ్రి! ఆగుండ్రి!" అని అరుస్తూ పరుగెత్తింది. ఆగమంటే ఎక్కడ ఆగుతాడు! జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయి తన వెనక వానలో పరుగెడుతోంది.

వరండాలో పెట్టె దించాక ఆమె అతని వైపు చూసింది. తర్వాత అతని కాలి వైపు చూసింది.

"సుహాస్ గారూ, మీరు ఉరికిండ్రు."

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ఇప్పుడు చెప్పేయొచ్చు. ఒక్క మాట చాలు. అతని నోరు తెరుచుకుంది. "ఏడు," అంది నోరు. అతను మెట్టు మీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

స్ఫూర్తి తడి నేల మీద కూర్చుంది. అతని ప్యాంటుని మోకాలి దాకా మడిచి, అదే పెట్టెలోంచి నాలుగు ఐసు ముక్కలు తీసి, చున్నీ కొసలో చుట్టి అద్దింది. "మా కణాల కోసం గింత నొప్పి పట్టుకుని ఉరికిండ్రా? ఎవరు చేస్తరు గిట్ల?" ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. వానవి కావచ్చు. కాకపోతే ఎలా అని సుహాస్ భయపడ్డాడు.

ఆ పూట మోకాలు నిజంగానే నొప్పెట్టింది. దానికి ఏ అంకె వెయ్యాలో టెస్టర్‌కి తెలియలేదు.

*

ఆగస్టులో ఆఖరి రీడింగు ఆరు అని రాయించి వెళ్లిన వారానికి స్ఫూర్తి ఫోన్ చేసింది. "కవర్ తెరిచినం. కృష్ణానగర్ల ఇరానీ హోటల్‌కి రాండ్రి, చాయ్ తాగుదం. శుభవార్త."

సుహాస్ సాయంత్రం నాలుగింటికే వెళ్లాడు. దారి పొడుగునా ఆలోచన. ఆఖరి రీడింగు అయిపోయింది కాబట్టి వీసా గడువు ఎలాగూ ముగిసింది. ఇక ఆరుతో పనిలేదు. కణాల వల్ల బాగుపడినవాళ్ల జాబితాలో తనూ చేరితే ఆమెకి ఇంకో గెలుపు. అబద్ధాన్ని ఒప్పుకుంటూ కూడా దాన్ని బహుమతిలా చుట్టి ఇవ్వొచ్చన్న ఆలోచన అతనికి ఎంతో నచ్చింది.

ఆమె అప్పటికే కూర్చుని ఉంది. ఎదురుగా ఉస్మానియా బిస్కెట్లు. మొహం వెలిగిపోతోంది.

"కణాలు ఎక్కించినోళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది. తేడా చానా చిన్నది, గానీ తేడా ఉంది. పేపర్ రాస్తున్నం. నా పేరు గూడ ఉంటది!"

"నేను ఇంకో శుభవార్త చెప్పనా?" సుహాస్ గొంతు సవరించుకున్నాడు. "నాకు నొప్పి లేదండీ. నాలుగు నెలల నుంచి లేదు. సున్నా. ఇంకొకటి కలుపుకోండి మీ లెక్కలో."

ఆమె చేతిలో బిస్కెట్ చాయ్‌లో విరిగి పడింది.

"ఏమన్నరు?"

"సున్నా అన్నాను. ఊరికే ఆరు అని..."

"మీకు ఎక్కించింది సెలైన్."

"అంటే?"

"ఉప్పునీళ్లు. ఏడో నంబరు ఉప్పునీళ్ల గుంపుల ఉంది." ఆమె గొంతులో కోపం ఇంకా రాలేదు. దాని ముందొచ్చే నెమ్మది మాత్రం వచ్చింది. "ఉప్పునీళ్లోళ్లకు గంత తగ్గలే, కణాలోళ్లకు తగ్గింది. గదే మా పేపర్. రెండు గుంపుల నడుమ తేడా వెంట్రుకంత, మీ ఆరు సున్నా అయితే గదీ ఉండదు. గా వెంట్రుక మీరే."

"మరి నాకెలా తగ్గిందండీ? ఉప్పునీళ్లతో?"

"ఎక్సర్‌సైజులు చేసిండ్రు. కాలం గడిచింది. సూది పడ్డదని నమ్మిండ్రు. ఒక్కోసారి మోకాలుకు గంతే చాలు." ఇప్పుడొచ్చింది కోపం. "ఆర్నెల్లు! రోజూ నా కణాలనే అనుమానించిన. నాదే తప్పనుకున్న. ఎందుకు చెప్పిండ్రు అబద్ధం?"

"సున్నా అంటే గులాబీ ఇచ్చి పంపించేస్తారని."

"పంపిస్తే?"

"మిమ్మల్ని చూడ్డం ఉండదు కదా."

హోటల్లో కప్పులు చప్పుడు చేస్తున్నాయి. స్ఫూర్తి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఫోన్ నంబర్ అడిగితే అయిపోయేది గదా, బేవకూఫ్!"

లేచి వెళ్లిపోయింది. సుహాస్ ఆమె వదిలిన చాయ్ ముందు కూర్చున్నాడు. లోకంలో అందరూ చేసే అంత తేలికైన పని తనకి ఆరు నెలల్లో ఒక్కసారీ ఎందుకు తట్టలేదు? తట్టింది. కానీ నంబరు అడిగితే ఆమె కాదనొచ్చు. నొప్పిని మాత్రం ఎవరూ కాదనలేరు. తను ప్రేమించింది స్ఫూర్తినా, కాదనిపించుకోని భద్రతనా? జవాబు రాలేదు. బిల్లు వచ్చింది.

*

సక్సెస్ మీట్ ఆదివారం ఉదయం, ఫిల్మ్‌నగర్‌లో ఒక హాల్లో. వేదిక మీద పాతికడుగుల బ్యానర్, దాని మీద గాల్లో ఎగురుతున్న ఒక మోకాలు. అన్ని ఛానెళ్ల కెమెరాలూ వచ్చాయి. రావొద్దనుకున్న సుహాస్‌కి త్రినాథరావే కారు పంపించాడు. గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏడో నంబరు నువ్వే కదా? నిన్ను స్టేజి మీదికి పిలుస్తాను. మెల్లగా కుంటుతూ రా."

"ఎందుకండీ?"

"హిట్టు విలువ తెలియాలంటే పక్కన ఒక ఫ్లాపు ఉండాలి నాయనా. కణాలు వేసినవాళ్లు నలుగురు గంతులేస్తారు. నువ్వు ఉప్పునీళ్లవాడివి, కుంటుతావు. కమ్మీ పట్టుకుని ఎక్కు, కొంచెం మొహం చిట్లించు. ఓవర్ చెయ్యకు."

ముందు వరసలో కూర్చోబెట్టారు. అవతలి వైపు ఓదెలు, ఇస్త్రీ చొక్కాలో. "మంగళారం నాకు సూది సారూ. పేరు రాసుకున్నరు. మీటింగ్ అయినంక డాన్స్ మాస్టర్‌కు ఫోన్ కొట్టి చెప్త, నా జాగల ఇంకోన్ని పెట్టుకొమ్మని." మాస్టర్ పేరు ఎత్తినప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. "తప్పకుండ పని జేస్తదట గద?"

సుహాస్ అతని వైపు తిరిగేలోగా ఇటుపక్క ఖాళీ కుర్చీలో ఎవరో కూర్చున్నారు. స్ఫూర్తి. ఎనిమిది రోజుల తర్వాత.

"నేను రాసిచ్చిన," అంది, వేదిక వైపే చూస్తూ. "ఏడో నంబరు తప్పు అంకె చెప్పిండు, మళ్లీ లెక్క కట్టాలె అని. మా క్లినిక్ పెద్ద డాక్టర్ సూర్యప్రకాశరావు సార్ కొట్టేసిండు. నోటిమాట చెల్లదంట. రిజిస్టర్ల ఆరే ఉందంట. మీరు రాసిచ్చినా గా బీరువాలకే పోతది."

"మీ పేపరు?"

"నా పేరు తీసెయ్యమన్న."

"ఉద్యోగం?"

"అది నేను జూసుకుంట. మీరేం చెయ్యాలెనో నేను చెప్పను. మీ మోకాలు, మీ ఇష్టం."

వేదిక మీద నలుగురు గంతులేశారు. చప్పట్లు. ఒకతను షీల్డు ఎత్తి ముద్దుపెట్టుకున్నాడు. త్రినాథరావు మైకు అందుకుని గొంతులో విషాదం నింపుకున్నాడు. "ఇప్పుడు, మన కణాల భాగ్యం దక్కని ఒక అభాగ్యుణ్ని మీ ముందుకి పిలుస్తున్నాను. సుహాస్!"

కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. సుహాస్ మనసు ఎప్పటిలాగే తన ఏర్పాటు తను చేసింది. కుడికాలు బరువెక్కింది. మోకాలి లోపల ఎక్కడో నొప్పి లేచింది. అది ఎంత నమ్మకంగా ఉందంటే, దాన్ని కాదనడం అబద్ధం అనిపించేంత. అతను కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి ఆగాడు.

"స్ఫూర్తి గారూ."

"ఏంది?"

"నేను బాగా నడిస్తే, ఇక మీకు నన్ను పిలవాల్సిన పనే ఉండదు."

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. కోపం ఇంకా పోలేదు. కానీ పెదవి చివర మరొకటేదో తారట్లాడుతోంది.

"మీ దిక్కు పనుంటేనే వస్తరా మనుషులు? ఉత్తగ రారాదా?"

సుహాస్ లేచాడు. పక్క నుంచి ఓదెలు అతని కాళ్లనే చూస్తున్నాడు. వేదిక దగ్గర ఐదు మెట్లు, పట్టుకోడానికి స్టీలు కమ్మీ. పైన త్రినాథరావు మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కుంటు, కుంటు" అని పెదాలు కదుపుతున్నాడు.

సుహాస్ కమ్మీ మీద వేసిన చెయ్యి తీసేశాడు. కుడికాలు ముందు పెట్టి, తిన్నగా మెట్లెక్కాడు.